కూడబలుక్కునే పిల్లలు



బడి గడప తొక్కకముందే చదివేసే పిల్లలు కొందరుంటారు. మూడున్నర, నాలుగేళ్ళకే పేపరు మీది పెద్దక్షరాలు చదువుతారు, కొట్ల మీది బోర్డులు చదువుతారు, సినిమా పోస్టరు కనబడితే ఆగి మరీ చదువుతారు. ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. మురిసిపోవాల్సిన సంగతే అది. కానీ ఆ పిల్లకు చదువు ఎలా వచ్చిందని అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేరు. "దానంతట అదే వచ్చేసిందండీ" అంటారు. ఈ పూట నేను మాట్లాడదలుచుకున్నది ఆ "దానంతట అదే" గురించే. చురుకైన పిల్లలకు చదువు ఏ దారిన వస్తుంది? అక్షరాల దారినా, మాటల దారినా? మనం పక్కనుండి చేయాల్సిందేమైనా ఉందా?

నరసరావుపేట బస్టాండులో ఒక పెద్దాయన తన మనవరాల్ని ఎత్తుకుని నా దగ్గరకొచ్చారు. పిల్లకు నాలుగేళ్ళుంటాయి. "మా బుడ్డది బస్సు బోర్డులన్నీ చదివేసిద్ది మాస్టారూ, మీరే చూడండి" అన్నారు. నిజమే. మాచర్ల, వినుకొండ, చిలకలూరిపేట, పిడుగురాళ్ళ... వచ్చిన బస్సు వచ్చినట్టే చెప్పేసింది. నేను ఒక కాగితం మీద 'చిలక' అని రాసి చూపించాను. ఠక్కున "చిలకలూరిపేట" అంది. 'వినుము' అని రాశాను. "వినుకొండ" అంది. 'పేట' అని ఒక్కటే రాస్తే కాసేపు దానివంక చూసి, తాతయ్య మొహంలోకి చూసింది. పెద్దాయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదని చెప్పాను. పిల్ల కన్ను చురుకైంది, జ్ఞాపకం గట్టిది. మనం తెలిసిన మనిషిని దూరంనుంచి నడక చూసి పోల్చుకున్నట్టు, ఆ పిల్ల మాట మొత్తాన్ని ఆకారం చూసి గుర్తుపడుతోంది. మొదటి అక్షరాల్ని చూసి ఊరి పేరు చెప్పేస్తోంది. కూడబలుక్కుని చదవడం ఇంకా మొదలవలేదు.

కొన్ని నెలలు గడిచాక ఆ పెద్దాయనే మళ్ళీ కలిసి ఇంకో సంగతి చెప్పారు. బస్సులో పోతూ ఉంటే మనవరాలు ఉన్నట్టుండి, "తాతా, నరసరావుపేటలోనూ పేట ఉంది, చిలకలూరిపేటలోనూ పేట ఉంది, రెండిట్లో ఒకేలా రాశారు" అందట. ఆ మాట విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎందుకంటే పిల్ల చదవడం మొదలుపెట్టింది ఆ రోజే. అంతవరకూ ఒకే ముద్దగా కనబడిన మాట విడిపోయింది. విడిపోయిన ముక్క ఇంకో మాటలో దొరికింది. ఇక ఆ తరవాత ఆగేది ఉండదు. మాచర్లలో ఉన్న 'చర్ల' రొంపిచర్లలో కనబడుతుంది. వినుకొండలోని 'కొండ' కోటప్పకొండలో కనబడుతుంది. సత్తెనపల్లి పల్లీ దాచేపల్లి పల్లీ ఒకటేనని తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఇంకో మెట్టు దిగితే మాచర్లలోని 'మా', మాదలలోని 'మా' ఒకటేనని తెలుస్తుంది. మన పల్నాటి ఊళ్ళ పేర్లు ఇలా ఒకదానితో ఒకటి ముక్కలు పంచుకుని ఉండటం చదువు నేర్చే పిల్లలకు ఎంత మేలో! ఇంగ్లండులో ఉషా గోస్వామి అనే శాస్త్రవేత్త 1986లోనే ఇంగ్లీషు పిల్లల మీద ఇటువంటిదే చూపించారు. తెలిసిన మాటలోని ముక్కను పట్టుకుని పిల్లలు తెలియని మాటను చదవగలుగుతారు.

ఈ రెండు దారుల మీద ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో చాలాకాలంగా పెద్ద తగాదా నడిచింది. అక్షరానికి ధ్వని నేర్పి, ధ్వనులు కలిపి చదివించాలనేది ఒక పక్షం. దాన్ని ఫోనిక్స్ అంటారు. మాటను మాటగానే చూపించి గుర్తుపట్టించాలనేది రెండో పక్షం. ఆ మాటల్ని సైట్ వర్డ్స్ అంటారు. ఎడ్వర్డ్ డాల్చ్ అనే అమెరికా ఆచార్యుడు 1936లో, పుస్తకాల్లో ఎక్కువగా వచ్చే 220 మాటల జాబితా ఒకటి తయారుచేశాడు. మన కాన్వెంటు బడుల గోడల మీద అట్టముక్కలుగా వేలాడే మాటలు చాలామటుకు అందులోవే. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన, మాటలు బట్టీ పట్టించబట్టే అమెరికా పిల్లలకు చదువు రావడం లేదని పుస్తకం రాసి దుమారం లేపాడు. 1967లో హార్వర్డులో జీన్ చాల్ అనే విదుషీమణి అప్పటికి జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూసి, ధ్వనులు వరసగా నేర్పిన చోటే పిల్లలు బాగా చదువుతున్నారని తేల్చారు. అమెరికాలో నియమించిన జాతీయ సంఘమూ 2000లో దాదాపు అదే చెప్పింది. ఇంగ్లండులో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలకు ఒక చిన్న పరీక్ష పెడుతున్నారు. నలభై మాటలు చదవాలి. అందులో ఇరవై మాటలకు అర్థమే లేదు, పరీక్ష కోసం కల్పించినవి. ఎప్పుడూ చూడని మాటను గుర్తుపట్టడం కుదరదు కదా, కూడబలుక్కోవాల్సిందే. మీ ఇంట్లో పిల్ల చదువుతోందా, గుర్తుపడుతోందా అని తెలుసుకోవాలంటే మీరూ అదే చేయవచ్చు. 'టబుమి' అనో 'గెలాపు' అనో ఒక మాట రాసి చూపించండి. నవ్వుతూ చదివేసిందంటే తాళం తెరుచుకున్నట్టే.

చురుకైన పిల్లల సంగతి చెప్పాలంటే డొలోరెస్ డర్కిన్ పేరు చెప్పకుండా కుదరదు. 1958లో ఆమె కాలిఫోర్నియాలోని ఓక్లండ్ పట్టణంలో ఒకటో తరగతిలో చేరిన 5,103 మంది పిల్లల్ని పరీక్షించింది. ఎవరూ బడిలో నేర్పకుండానే చదవడం వచ్చినవాళ్ళు 49 మంది తేలారు. ఆ ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇక్కడ ఆమెకు తెలిసిన సంగతి. ఆ 49 మందీ మహా మేధావులు కారు. తెలివి కొలిచే పరీక్షలో 91 వచ్చినవాళ్ళ దగ్గర్నుంచి 161 వచ్చినవాళ్ళ దాకా ఉన్నారు. అందరివీ డబ్బున్న ఇళ్ళూ కావు. వాళ్ళందరిలో కనబడినది వేరే. రాత మీద మోజు. గోడ మీదో కాగితం మీదో ఏదో ఒకటి గీస్తూ, చూసి రాస్తూ, "ఇదేంటి, అదెట్లా రాస్తారు" అని ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తీస్తూ ఉండేవాళ్ళు. ఇంట్లో వాళ్ళకు కథలు చదివి వినిపించేవాళ్ళు ఉన్నారు. అడిగినదానికి విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్ళు ఉన్నారు. చాలామందికి, బడి ఆట ఆడుతూ టీచరు వేషం కట్టే అక్కో అన్నో ఉన్నారు. "దానంతట అదే" వచ్చిందనుకున్న చదువు వెనక ఇంతమంది ఉన్నారన్నమాట. మన ఇళ్ళలోనూ అంతే. మాచర్ల నాపరాళ్ళు పరిచిన వరండా మీద సుద్దముక్కతో అక్క గీసిన అక్షరం పక్కన వంకరటింకరగా చెల్లెలు గీసిన అక్షరం ఉంటుంది చూడండి, అక్కడుంటుంది అసలు బడి. తుడవడానికి తొందరపడకండి.

ఇక మన లిపి దగ్గరకు వద్దాం. తెలుగు పిల్లలు ఈ విషయంలో అదృష్టవంతులు. ఇంగ్లీషులో ఉన్నవి 26 అక్షరాలు, వాటితో పలకాల్సిన ధ్వనులు 44 దాకా ఉన్నాయి. ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కో రకంగా పలుకుతుంది. తెలుగులో అక్షరం మాట తప్పదు. 'క' ఎక్కడున్నా 'క'నే. ఇప్పుడు ఫోనిక్స్ అని పేరు పెట్టి, ఫీజు కట్టించుకుని నేర్పుతున్న పనిని మన వీధిబడి పంతుళ్ళు గుణింతం పేరుతో చేస్తూనే ఉన్నారు. కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు, కకు ఏత్వమిస్తే కే. ధ్వనికి ధ్వని కలిపి కొత్త ధ్వని పుట్టించడమేగా ఇది! మామూలు పిల్లలకు ముప్పై ఆరు హల్లులతో గుణింతాలన్నీ సాధన చేయాల్సి వస్తుంది. లెక్కేస్తే నాలుగు వందల పైచిలుకు ఆకారాలు. చురుకైన పిల్లకు మూడు నాలుగు వరసలు చాలు. గుడి ఏ అక్షరం నెత్తిన పెట్టినా 'ఇ' అనే పలుకుతుందని పట్టేస్తుంది, మిగతావి తనే తయారుచేసుకుంటుంది. అలాంటి పిల్ల చేత గుణింతాలన్నీ పదేసిసార్లు రాయించడం అన్యాయం. చదువు మీద విసుగు పుట్టించడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

అయితే గుణింతాన్ని పాటలాగా అప్పజెప్పినంత మాత్రాన వచ్చినట్టు కాదు. "క కా కి కీ" అని గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్లకు మధ్యలో 'ణి' మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అంటే, మళ్ళీ ణ నుంచి మొదలుపెట్టి గొణుక్కుంటూ రావడం ఒకటో తరగతిలో రోజూ చూసే సంగతే. నోటికి వచ్చింది, కంటికి రాలేదు. ఇదీ ఒక రకం గుర్తుపట్టడమే, చెవితో గుర్తుపట్టడం.

మన లిపిలో చురుకైన పిల్లలు కూడా తట్టుకునే చోట్లు కొన్నున్నాయి. అవి పెద్దవాళ్ళే దగ్గర కూర్చుని చూపించాలి. వకు కొమ్మును అందరికీ ఇచ్చినట్టు పక్కన ఇస్తే అది మ అయి కూర్చుంటుంది. అందుకే వు రాసేటప్పుడు కొమ్మును కిందికి దించి ఇస్తాం. ఈ కారణం చెబితే పిల్ల కళ్ళు మెరుస్తాయి. కారణం చెప్పకపోతే ఏడాదిపాటు తప్పు రాస్తూనే ఉంటుంది. ఒత్తుల్లో చాలామటుకు అక్షరాన్ని పోలినవే ఉంటాయి. క, త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలవు. ఇప్పుడు పిల్లలు మొట్టమొదట రాయాలనుకునే మాటలేమిటో చూడండి. అమ్మ, నాన్న, అక్క, అత్త, తాతయ్య, పిల్లి. ఒక్కో మాటలో ఒక్కో పోలని ఒత్తు. పుస్తకంలో ఒత్తుల పాఠం వచ్చేది అన్నిటికన్నా చివర. అమ్మ అని రాయడానికి ఏ పిల్లయినా అంతకాలం ఆగుతుందా?

మాటను మాటగా గుర్తుపట్టించడానికి తెలుగులో న్యాయమైన చోటు ఇదేనని నా నమ్మకం. అమ్మ, నాన్న, అక్క, తన పేరు, తన ఊరు. ఈ మాటల్ని మొదటి నెలలోనే బొమ్మల్లాగా చూపించండి, చూసి రాయనివ్వండి. ఒత్తేమిటో గుణింతమేమిటో తరవాత తెలుస్తుంది. తెలిసిన రోజున, అమ్మలోని ఆ కింద ముక్క 'తమ్ముడు'లో కూడా కనబడిన రోజున, పిల్ల తనే వచ్చి మీకు చెబుతుంది. బోయపాలెం డైట్‌లో శిక్షణ పొందిన మన ఉపాధ్యాయులకు అక్షర పద్ధతి, పద పద్ధతి, వాక్య పద్ధతి అని మూడింటి పేర్లూ తెలుసు. పరీక్షకు విడివిడిగా రాసినా, తరగతిలో మంచి టీచరు మూడింటినీ కలిపే వాడుతుంది. 'తల, వల, వల తల' అంటూ మాటతో మొదలుపెట్టి, మాటను అక్షరాలుగా విడగొట్టి, ఆ అక్షరాలతోనే ఇంకో మాట కట్టి చూపిస్తుంది. అసలు పనంతా ఆ విడగొట్టడంలో ఉంది. బెంగళూరులో సోనాలీ నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధనలో, అక్షరాలన్నీ పూర్తిగా పట్టుబడటానికి మూడు నాలుగు తరగతులు పడుతుందని తేలింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కాబట్టి రెండో తరగతి పిల్ల ఒత్తుల దగ్గర తడబడితే కంగారు పడకండి.

చెవి సంగతి కూడా చెప్పాలి. పిల్లలు 'క భాష' మాట్లాడుకుంటారు చూడండి. "నువ్వు రా" అనడానికి "కను కవ్వు కరా" అంటారు. పెద్దవాళ్ళకు అర్థం కాకూడదని వాళ్ళ ముచ్చట. ఆ ఆట ఆడగలిగిన పిల్ల చెవి, మాటను అప్పటికే అక్షరాలుగా కోసేసుకుందన్నమాట. ఆ పిల్లకు చదువు తేలిగ్గా వస్తుంది. ఆ ఆట కసరకుండా ఆడనివ్వండి. అంత్యాక్షరీ కూడా అంతే.

తెలుగులో ఇంత సాఫీగా సాగే పని ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి ఎందుకు చెడుతోంది? మూడున్నరేళ్ళకు ఎల్‌కేజీలో వేస్తున్నాం. అక్కడ "సీ ఏ టీ, క్యాట్" అని బిగ్గరగా చెప్పిస్తారు. సీ, ఏ, టీ అన్న మూడింటినీ ఎంత వేగంగా కలిపి పలికినా క్యాట్ రాదు. అవి అక్షరాల పేర్లు, ధ్వనులు కావు. కకు గుడిస్తే కి అన్నప్పుడు ఆ ధ్వని చెవికి వినిపిస్తుంది. ఇక్కడ వినిపించదు. ఆధారం దొరకని పిల్ల, చురుకైనదైతే, ఉన్న ఒక్క ఆయుధం తీస్తుంది. బట్టీ పడుతుంది. గోడ మీది మాటలన్నీ గుర్తుపట్టేస్తుంది. యూకేజీలో మొదటి ర్యాంకు వస్తుంది. ఒకటి, రెండు తరగతులు హాయిగా గడుస్తాయి. మూడు, నాలుగు తరగతుల్లో సైన్సు మాటలు, సోషల్ మాటలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. అన్ని మాటలు గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అప్పుడు "బాగా చదివే పిల్ల, ఏమైందో ఏమో ఈ ఏడు వెనకబడింది" అంటారు. ఆ ఏడు ఏమీ కాలేదు. ధ్వనులు నేర్పాల్సిన ఏడు నేర్పలేదు, అంతే.

దీని మీద ఇంకో మాట. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు 1986లో చదువును ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాల్ని ధ్వనిగా మార్చుకోవడం ఒకటి, విన్న మాటను అర్థం చేసుకోవడం ఇంకొకటి. రెండింటినీ గుణిస్తే వచ్చేది చదువు. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే. నాలుగేళ్ళ తెలుగు పిల్లకు వేలకొద్దీ తెలుగు మాటలు తెలుసు. అక్షరాల గుట్టు తెలిసిన మరుక్షణం ఆ మాటలన్నీ కాగితం మీద ప్రాణంతో కనబడతాయి. ఇంగ్లీషులో ఎంత చక్కగా కూడబలుక్కున్నా, పలికిన మాటకు అర్థం తెలియకపోతే మిగిలేది ధ్వనే. అందుకే అంటున్నాను, చదవడమనే కిటుకు మొదట తెలుగులో పట్టుబడనివ్వండి. ఇంగ్లీషు వద్దని కాదు. మాట్లాడటం, పాటలు, కథలు వినడం ఇంగ్లీషులో కూడా జరగనివ్వండి. ఒకసారి పట్టిన కిటుకు రెండో భాషలోకి సాయం వస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది తల్లిదండ్రులు, టీచర్లు జాగ్రత్తగా వినాలి. మన ప్రాంతంలో తెలివంటే ఎప్పటినుంచో ధారణే. మన పొరుగునున్న సంతమాగులూరు మండలం కొప్పరంలో 1885లో ఒకరు, 1887లో ఒకరు పుట్టిన కొప్పరపు సోదర కవులు ఆశువుగా పద్యాలు చెప్పి సభల్ని ఊపేశారు. విన్నది మరవకపోవడం, అడిగిందే తడవుగా చెప్పడం మనకు గౌరవం. మంచిదే. కానీ గొప్ప ధారణ ఉన్న పిల్లల్లో కొందరికి అక్షరాలు అసలు లొంగవు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు పద్నాలుగేళ్ళ పెర్సీ అనే కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆటల్లో, లెక్కల్లో, మాటల్లో చురుకు. కొన్ని చిన్న మాటలు తప్ప ఏమీ చదవలేడు. నోటి చదువే అయితే బడిలో వీణ్ణి మించినవాడు ఉండడని అతని పంతులే అన్నాడట. ఇప్పుడు దాన్నే డిస్లెక్సియా అంటున్నాం. మన దేశంలో 2016 చట్టం దీన్ని వైకల్యాల్లో ఒకటిగా గుర్తించి, పరీక్షల్లో సాయానికి దారి ఇచ్చింది. తెలివైన పిల్లల్లో ఇది దాక్కుంటుంది. పక్కవాళ్ళు చదువుతుంటే విని, పాఠమంతా ధారణ పట్టి, పుస్తకం ముందుంచుకుని చదివినట్టే అప్పజెప్పేస్తారు. పుస్తకం తలకిందులుగా ఉన్నా పాఠం ఆగదు. అందుకే చదివిందా అని చూడాలంటే తెలిసిన పాఠం కాకుండా, తెలియని పేరా పెట్టండి. రెండో తరగతి పూర్తయినా గుణింతం, ఒత్తు విడదీయలేకపోతే, బద్ధకమని కొట్టకండి. అక్షరాల్ని నింపాదిగా, విడమరిచి, ధ్వనితో కలిపి ఇంకొన్నాళ్ళు నేర్పితే వాళ్ళూ చదువుతారు.

ఒకటో తరగతికి వచ్చేనాటికే చదవడం వచ్చేసిన పిల్లను ఏం చేయాలని చాలామంది అడుగుతారు. వాచకం మొత్తం వారంలో చదివేసి కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్ల. రెండో తరగతిలోకి దూకించాలనే తొందర వద్దు. పుస్తకాలు ఇవ్వండి. మన శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలుంటాయి, చేయి పట్టుకుని తీసుకెళ్ళండి. మంచి పుస్తకం వాళ్ళు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళు, ప్రథమ్ బుక్స్ వాళ్ళు తెలుగులో వేసిన బొమ్మల కథలున్నాయి, తక్కువ ధరకే దొరుకుతాయి. పిల్లకు చదవడం వచ్చింది కదా అని మీరు చదివి వినిపించడం మానకండి. తను చదవగలిగేదానికన్నా పెద్ద కథను వినిపిస్తే మాటలు పెరుగుతాయి, పెరిగిన మాటలు మళ్ళీ చదువుకు ఉపయోగపడతాయి.

పిల్ల పైకి చదువుతూ ఒక మాట దగ్గర ఆగిందనుకోండి. 'సంక్రాంతి' అనుకుందాం. మన నోరు ఊరుకోదు, మాట అందించేస్తాం. అందించకండి. బొమ్మ చూసి ఊహించమని కూడా చెప్పకండి. వేలితో మాటను మూసి మొదటి ముక్క చూపించండి. "సం" అంటుంది. వేలు కొంచెం జరపండి. "క్రాం" దగ్గర కాస్త కష్టపడుతుంది. కకు ర ఒత్తు, దీర్ఘం, సున్న, మూడూ ఒక్కచోట ఉన్నాయి మరి. అవసరమైతే ముందు 'క' చూపించండి, తరవాత ఒత్తు, తరవాత దీర్ఘం, చివర సున్న. వేలు పూర్తిగా తీయండి. మొత్తం కలిపి తనే చదివేదాకా ఆగండి. చదివాక అదే ముక్క ఇంకే మాటలో ఉందో వెతకమనండి.